కీలుగుఱ్ఱం తమిళదేశానికి ఎగిరిన ఏడు

(ధారావాహిక: మద్రాసు తెర, మన మెట్ట – ఏడో భాగం)

1949 ఫిబ్రవరిలో మద్రాసు రాష్ట్రంలో రెండు సినిమాలు విడుదలయ్యాయి. ఒకటి తమిళం, ఒకటి తెలుగు. తమిళ సినిమాలో జమీందారు దుర్మార్గుడు. తెలుగు సినిమా తీసినవాడే జమీందారు.

తమిళ సినిమా పేరు ‘వేలైక్కారి’. అంటే పనిమనిషి. జూపిటర్ వారు తీశారు. ఎ.ఎస్.ఎ.సామి దర్శకుడు. కథ, మాటలు సి.ఎన్.అన్నాదురైవి. అంతకుముందే నాటకంగా ఆడి పేరు తెచ్చుకున్న కథ అది. తెలుగు సినిమా ‘కీలుగుఱ్ఱం’. నిర్మాత, దర్శకుడు రెండూ మీర్జాపురం రాజావారే. తమిళ సినిమా చరిత్ర రాసేవాళ్లు 1949 దగ్గర కాసేపు ఆగుతారు, ఆగాల్సిన ఏడే. కానీ ఆ ఏటి కథలో సగం పేర్లు మనవే. అందులో ఒక దారి తిన్నగా నూజివీడు మామిడితోటల దగ్గరికి వస్తుంది. ఈ భాగంలో ఆ దారి పట్టుకుందాం.

విస్సన్నపేట వాళ్లకి మీర్జాపురం ఎక్కడో చెప్పక్కర్లేదు. దూరాన ఉన్న పాఠకుల కోసం ఒక మాట. నూజివీడు జమీ మేకా అప్పారావుల వంశానిది. వారసుల మధ్య పంపకాలై ముక్కలైనప్పుడు ఏర్పడ్డ ఎస్టేట్లలో మీర్జాపురం ఒకటి. నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట, ఇంకా పైన తిరువూరు, ఇదంతా కృష్ణా డెల్టా కాలువ నీరు ఎక్కని మెట్ట. వాన పడితే పంట, లేకపోతే లేదు. అందుకే ఇక్కడ మామిడి నిలబడింది. నూజివీడు చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, కలెక్టరు కాయ ఈ నేల మీద పేరు తెచ్చుకున్నాయి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు నూజివీడు, ఆగిరిపల్లి ఏలూరు జిల్లాకి, విస్సన్నపేట ఎన్టీఆర్ జిల్లాకి పోయాయి. 1949లో అన్నీ కృష్ణాజిల్లాయే.

ఆగిరిపల్లి కొండమీద వెలసిన స్వామి శోభనాచలపతి, వ్యాఘ్రలక్ష్మీనరసింహుడు. అప్పారావుల పిల్లల్లో శోభనాద్రి అన్న పేరు తరతరాలుగా కనిపించడం ఆ స్వామి వల్లే. మీర్జాపురం రాజావారు మద్రాసులో సినిమా వ్యాపారం పెట్టినప్పుడు కంపెనీకి ఆ కొండ పేరే పెట్టుకున్నారు: శోభనాచల పిక్చర్స్. తరువాత స్టూడియో కట్టినా అదే పేరు. మద్రాసు నగరంలో తమిళ, తెలుగు నటులు రోజూ గడప తొక్కిన ఒక స్టూడియోకి ఆగిరిపల్లి దేవుడి పేరు ఉండేది. తర్వాత చేతులు మారి వీనస్ స్టూడియో అయ్యాక ఆ సంగతి చాలామంది మరిచిపోయారు.

జమీందారులకి సినిమా మీద మోజెందుకన్న ప్రశ్నకి ఒకే జవాబు లేదు. చల్లపల్లి రాజా డబ్బుతో నడిచిన సారథి ఫిలిమ్స్ గూడవల్లి రామబ్రహ్మం చేత ‘మాలపిల్ల’ (1938), ‘రైతుబిడ్డ’ (1939) తీయించింది. రెండోది జమీందారీల మీదే ఎక్కుపెట్టిన సినిమా. ఒక జమీందారు పెట్టుబడితో మిగతా జమీందారులకి కోపం తెప్పించిన చిత్రం! మీర్జాపురం రాజావారి దారి వేరు. ఆయన సంఘసంస్కరణ జోలికి పోలేదు. ‘దక్షయజ్ఞం’ (1941), ‘భీష్మ’ (1944), సి.పుల్లయ్య చేత తీయించిన ‘గొల్లభామ’ (1947), ఇలా పురాణమూ జానపదమూ ఆయన సరుకు. ‘గొల్లభామ’లో కథానాయిక ఆయన భార్య సి.కృష్ణవేణి. పెద్దాపురం నుంచి వచ్చిన అంజలీదేవి అనే అమ్మాయి అందులో మోహినిగా తొలిసారి జనం కళ్లలో పడింది. రాజావారు గొప్ప కళాకారుడని నేననను. జనానికి ఏది నచ్చుతుందో తెలిసిన నిర్మాత. ఆ రోజుల్లో అది తక్కువ విద్య కాదు.

ఆయన ‘కీలుగుఱ్ఱం’ తీసేనాటికి కాళ్లకింద నేల కదులుతోంది. 1948లో మద్రాసు శాసనసభ ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది. జమీందారీ భూములు రైత్వారీ కిందికి వస్తాయి, జమీందారుకి నష్టపరిహారం ఇస్తారు. 1949 సెప్టెంబరు నుంచి ప్రభుత్వం ఎస్టేట్లని స్వాధీనం చేసుకోవడం మొదలుపెట్టింది. ఆ సెప్టెంబరు 17నే అన్నాదురై మద్రాసులో ద్రావిడ మున్నేట్ర కళగం స్థాపించారు. జమీందారుని తెరమీద ఎండగట్టిన రచయిత పార్టీ పెట్టడం, అసలు జమీందారులు కాగితం మీద అంతరించడం ఒకే నెలలో జరిగాయి. ఇది కాకతాళీయమే. కానీ రెండింటి వెనకా ఒకే గాలి వీచింది. తమిళనాట ఆ గాలికి మాటలు రాసేవాళ్లు దొరికారు. మన దగ్గర ఆ మాటలు అప్పటికి సినిమా కన్నా ఊళ్లలో రైతు సంఘాల సభల్లో ఎక్కువ వినిపించేవి.

ఇక గుఱ్ఱం కథ. అడవిలో ఒక రాజుకి అందమైన యువతి కనిపిస్తుంది. నిజానికి ఆమె రాక్షసి. రాజు ఆమెని కోటకి తెచ్చుకుంటాడు. ఆమె రాత్రిళ్లు గుఱ్ఱాలనీ ఏనుగులనీ తిని, నేరం పెద్దరాణి మీదకి నెడుతుంది. గర్భవతి అయిన రాణికి కళ్లు తీయించే శిక్ష పడుతుంది. అడవిలో పుట్టిన కొడుకు పెరిగి పెద్దవాడై, ఎగిరే కీలుగుఱ్ఱం ఎక్కి సాహసాలు చేసి, రాక్షసి ప్రాణం ఎక్కడ దాగుందో కనిపెట్టి తల్లికి న్యాయం చేస్తాడు. కొడుకు అక్కినేని నాగేశ్వరరావు. రాక్షసి అంజలీదేవి. చిత్రానువాదం, మాటలు తాపీ ధర్మారావు. సంగీతం ఘంటసాల. వాడుకభాష కోసం పోరాడిన తాపీవారు రాక్షసి చేత ఎంత తేటగా మాట్లాడించారో విన్నవాళ్లకి తెలుసు.

సినిమా బాగా ఆడింది. అదే ఏడు ‘మాయక్కుదిరై’ పేరుతో తమిళంలోకి వెళ్లింది. తెలుగు నుంచి మరో భాషలోకి డబ్బింగ్ అయిన మొదటి సినిమాగా దీన్నే చెబుతారు. డబ్బింగ్ అన్న పని దక్షిణాదికి అప్పటికే తెలుసు. 1944లో ఎ.వి.మెయ్యప్పన్ కన్నడ ‘హరిశ్చంద్ర’కి తమిళ గొంతు పెట్టి చూపించారు. తెలుగువాడు తన సినిమాని ఆ దారిన పంపడం మాత్రం కొత్త.

ఇప్పటి పాఠకులకి ఇందులో గొప్పేముందని అనిపించవచ్చు. నాలుగు భాషల్లో ఒకే శుక్రవారం సినిమా విడుదలయ్యే రోజులివి. అప్పటి పనిముట్లు వేరు. మాగ్నెటిక్ టేపు ఇంకా రాలేదు. ధ్వనిని కూడా ఫిలిం మీదే వెలుగుచారలుగా ముద్రించేవారు. తప్పు పలికితే చెరిపి మళ్లీ చెప్పడం ఉండదు, ఆ ఫిలిం వృథా. చిన్న ముక్కని ఉంగరంలా అతికించి తెరమీద తిప్పుతూ ఉంటే, గొంతు ఇచ్చేవాళ్లు పెదవుల కదలిక చూసుకుంటూ పదేపదే చెప్పుకోవాలి, కుదిరాక రికార్డు చేయాలి. పైగా మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, నోరు తెరిచే ఉంటుంది. తమిళంలో హల్లుతో ఆగే మాటలెన్నో. తెరమీద అంజలీదేవి పెదవులు ఇంకా విచ్చుకునే ఉంటే తమిళ వాక్యం అప్పటికే అయిపోతుంది. ఆ లెక్కలన్నీ చూసుకుని మాటలు రాసేవాళ్ల చాకిరీ ఎవరూ పట్టించుకోలేదు.

‘కీలుగుఱ్ఱం’నే ఎందుకు ఎంచుకున్నారు? నా ఊహ ఇది. జానపదానికి ఊరు ఉండదు. రాక్షసి, మాంత్రికుడు, ఎగిరే గుఱ్ఱం, ఏడు సముద్రాల అవతల ప్రాణం అన్నీ తమిళ అమ్మమ్మలకి కూడా తెలిసినవే. కట్టూబొట్టూ రాజుల కాలానివి కాబట్టి మధురలో కూర్చుని చూసినా పరాయిగా ఉండదు. అదే తెనాలి పెళ్లి కథైతే వంటింటి మాటల దగ్గరే చిక్కుపడుతుంది. ముందటి ఏడు ఎస్.ఎస్.వాసన్ ‘చంద్రలేఖ’తో చేసిన హంగామా కూడా రాజావారి కళ్లముందు ఉంది. తమిళంలో తీసిన జానపదం హిందీలో ఉత్తరదేశమంతా తిరిగి వచ్చింది. ఆ ఏడు మద్రాసులో సినిమా తీసే ప్రతివాడి కలలోనూ వాసన్ డోళ్లే మోగుతుండాలి.

వాసన్ పద్ధతి ఖరీదైనది. ఒకే సినిమాని భాషకొకసారి మళ్లీ తీయడం. 1949 దీపావళికి వచ్చిన ఆయన జెమినీ సంస్థ ‘అపూర్వ సహోదరర్గళ్’ అలాంటిదే. ఎం.కె.రాధా అన్నదమ్ములిద్దరి వేషాలూ వేశారు, కథానాయిక భానుమతి. హిందీలో ‘నిశాన్’, మరుసటి ఏడు తెలుగులో ‘అపూర్వ సహోదరులు’. తెలుగుకి దర్శకుడు మన సి.పుల్లయ్యే. మూడు భాషల్లోనూ భానుమతే. ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో పుట్టిన ఆవిడ, అదే ఏడు అన్నాదురై రాసిన ‘నల్లతంబి’లోనూ కథానాయిక, పి.యు.చిన్నప్పతో ‘రత్నకుమార్’లోనూ కథానాయిక. ఆ రత్నకుమార్‌లో చిన్న వేషం వేసిన ఎం.జి.రామచంద్రన్‌ని ఇంకా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇవి కాక, సొంత భరణీ సంస్థలో భర్త రామకృష్ణారావు దర్శకత్వంలో తెలుగు ‘లైలా మజ్నూ’ కూడా ఆ ఏడే. ఒక్క మనిషి, ఒక్క ఏడు! భానుమతి అహంకారి అన్న మాట పరిశ్రమలో చాలాకాలం చలామణీ అయింది. ఈ జాబితా చూస్తే ఆమాత్రం అహంకారం ఆవిడకి తక్కువేనేమో.

కన్నాంబ సంగతీ అంతే. ‘కణ్ణగి’ (1942)తో తమిళుల గుండెల్లో కూర్చున్న ఈ తెలుగు నటి 1949లో ‘మంగయర్కరసి’లో కనిపించారు. అందులో అంజలీదేవీ ఉన్నారు. ‘కన్నియిన్ కాదలి’లో కూడా అంజలీదేవే. షేక్‌స్పియర్ ‘ట్వెల్ఫ్త్ నైట్’ని తమిళానికి తెచ్చిన ఆ సినిమాతోనే కన్నదాసన్ పాటల రచయిత అయ్యారు. ఏడాది చివర్లో ఎ.వి.ఎం. ‘వాళ్కై’ వచ్చి వైజయంతిమాలని పరిచయం చేసింది. దాన్ని మరుసటి ఏడు తెలుగులో ‘జీవితం’గా చూశాం. రాకపోకలు ఒకవైపువి కావు. వాహినీ వారు డిసెంబరు ఆఖరులో కె.వి.రెడ్డి చేత తీయించిన ‘గుణసుందరి కథ’లో పాటలు పాడిన పి.లీల మలయాళీ. ఆ కథే 1955లో జెమినీ గణేశన్, సావిత్రిలతో తమిళ ‘గుణసుందరి’ అయింది.

బయట వీధుల్లో మాత్రం ఇంత సఖ్యత లేదు. 1949 ఏప్రిల్లో నెహ్రూ, పటేల్, పట్టాభి సీతారామయ్యల కమిటీ నివేదిక వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం కావాలంటే మద్రాసు నగరం మీద ఆశ వదులుకోవాలన్నది దాని సారం. పట్టాభి మన జిల్లా మనిషే, బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టినవాడే. అయినా ‘మద్రాసు మనదే’ అన్న నినాదం ఆగలేదు. ఆ నినాదం రాసిన గోడల పక్కనుంచే కార్లు స్టూడియోలకి వెళ్లేవి. లోపల ఒకే ఫ్లోరు మీద పొద్దున తమిళ షాటు, మధ్యాహ్నం తెలుగు షాటు. నగరం ఎవరిదన్న తగువు 1953 దాకా తేలలేదు. పరిశ్రమ ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు అక్కడే ఉంది.

ఇప్పుడు మీర్జాపురం వారింటి రెండో సినిమాకి వద్దాం. నా దృష్టిలో ఆ ఏటి అసలు మలుపు ఇదే. కృష్ణవేణి 1924లో పశ్చిమగోదావరి పంగిడిలో పుట్టారు. చిన్నవయసులోనే సి.పుల్లయ్య ‘సతీ అనసూయ’లో వేషం కట్టారు. నటి, గాయని. 1949లో నిర్మాత కూడా అయ్యారు. కూతురు మేకా రాజ్యలక్ష్మీ అనురాధ పేరులోని మొదటి అక్షరాలతో ఎం.ఆర్.ఎ. ప్రొడక్షన్స్ అని పెట్టి ‘మన దేశం’ తీశారు. భర్త జానపదం తీసిన ఏడే భార్య స్వాతంత్ర్యోద్యమం తీశారు. శరత్‌బాబు నవల ‘విప్రదాస్’ ఆధారం. మాటలు, పాటలు సముద్రాల. సంగీతం ఘంటసాల. దర్శకుడు ఎల్.వి.ప్రసాద్, హిందీ, తమిళ, తెలుగు భాషల తొలి టాకీలు మూడింటిలోనూ నటించిన ఏకైక ఘనుడు. నవంబరు 24న విడుదలైంది.

అందులో ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు వేషం ఉంది. చిన్నదే. ఉద్యమకారుల మీద లాఠీ ఝళిపించాలి. గుంటూరు జిల్లాలో సబ్‌రిజిస్ట్రారు ఉద్యోగం వదిలేసి వచ్చిన నిమ్మకూరు కుర్రాడు నందమూరి తారకరామారావుకి అది తొలి వేషం. షూటింగులో నిజంగానే బాదేశాడని, ఎల్.వి.ప్రసాద్ ఆపించాల్సి వచ్చిందని కథగా చెప్పుకుంటారు. సినిమావాళ్ల కథల్లో కలుపు ఎంతో, గింజ ఎంతో అనుకున్నా ఈ ముక్క బాగానే నిలబడింది.

ఇక్కడ ఒక్కసారి రెండు సినిమాలనీ పక్కపక్కన పెట్టి చూడండి. ఫిబ్రవరి ‘వేలైక్కారి’కి మాటలు రాసిన అన్నాదురై 1967లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. నవంబరు ‘మన దేశం’లో లాఠీ పట్టిన రామారావు 1983లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. ‘రత్నకుమార్’ చిన్న వేషగాడు రామచంద్రన్ 1977లో తమిళనాడు ముఖ్యమంత్రి అయ్యారు. ఒకే ఏడు సినిమాల్లో ముగ్గురు ముఖ్యమంత్రులు! తేడా కూడా గమనించాలి. తమిళంలో రాజకీయం మాటల్లో ముందే దూరింది, నటుడు తర్వాత వచ్చాడు. తెలుగులో నటుడు ముప్పై మూడేళ్లపాటు రాముడిగా, కృష్ణుడిగా జనానికి దగ్గరై, ఆ తర్వాత రాజకీయం మొదలుపెట్టాడు. 1949 నాటి మన సినిమాలో అన్నాదురై వంటి రచయిత లేకపోవడం లోటే అని నేను అనుకుంటాను. సముద్రాల, పింగళి, తాపీ, ఎవరి ప్రతిభకీ వంక పెట్టలేం. కానీ వాళ్లు అధికారం వైపు వేలు చూపించలేదు.

ఈ పేర్లలో కృష్ణాజిల్లా వాటా ఎంతో కూడా చూడాలి. అక్కినేని గుడివాడ దగ్గరి రామాపురం. ఘంటసాల ఆ పక్కనే చౌటపల్లి. రామారావు నిమ్మకూరు. మనుషుల్ని కాలువల కిందున్న గుడివాడ తాలూకా ఇచ్చింది, స్టూడియోని మెట్టనున్న మీర్జాపురం ఇచ్చింది. అక్కినేనిని ఘంటసాల బలరామయ్య చూసింది బెజవాడ రైల్వేస్టేషన్లో. ఆ బెజవాడే తర్వాత్తర్వాత సినిమా పంపిణీ రాజధాని అయింది. మా మామిడితోటల్లో షావుకారు పూత చూసి తోట బేరం చేసినట్టు, అక్కడి డిస్ట్రిబ్యూటరు రీలు చుట్టకముందే అడ్వాన్సు ఇచ్చేవాడు. గాలివాన వస్తే ఇద్దరి గతీ ఒకటే.

మరి ఇవన్నీ మన మెట్ట ఊళ్లకి చేరింది ఎలా? బెజవాడలో మారుతీ టాకీసు వంటి పక్కా హాళ్లు 1920ల నుంచే ఉన్నాయి. విస్సన్నపేట వైపు ఊళ్లకి డేరా టాకీసులే దిక్కు. ఆయిలింజను, ఒకే ప్రొజెక్టరు, రీలు మార్చినప్పుడల్లా చీకటి, ఈలలు, నేలటిక్కెట్టు. పట్నంలో ఆడి అరిగిన ప్రింటు ఎప్పటికో ఇక్కడికి వచ్చేది. ఉత్తరాన సత్తుపల్లి వైపు 1948 సెప్టెంబరు దాకా నిజాం ఇలాకా, రజాకార్ల భయం. ఆ భయం తీరాక సరిహద్దు దాటి బళ్లు మళ్లీ తిరిగాయి. ఆ బళ్ల కాలానికి సరిగ్గా దొరికిన సినిమా ‘కీలుగుఱ్ఱం’. హాలు గుమ్మం దగ్గర పాటల పుస్తకం అమ్మేవారు. అందులో కథ సగం చెప్పి ‘శేషం వెండితెరపై చూడుడు’ అని ఊరించేవారు. నూజివీడు తాలూకాలో శిస్తు కట్టిన రైతే నేలటిక్కెట్టు కూడా కొన్నాడు. రాజావారికి మొదటిది 1949తో ఆగిపోయే దారిలో పడింది, రెండోది ఇంకొన్నాళ్లు సాగింది.

శోభనాచల స్టూడియో చేతులు మారింది, ఆ కట్టడాలూ ఇప్పుడు లేవు. కృష్ణవేణిగారికి 2004 సంవత్సరపు రఘుపతి వెంకయ్య పురస్కారం లభించింది. ఆవిడ నూరేళ్లు నిండాక, 2025 ఫిబ్రవరి 16న హైదరాబాదులో కన్నుమూశారు. రామారావుకి మొదటి వేషం ఇచ్చిన నిర్మాతగా పత్రికలన్నీ రాశాయి. మంచిదే. తన పేరు మీద, తన నిర్ణయంతో 1949లో ఒక స్త్రీ జాతీయోద్యమ చిత్రం తీయడం అంతకన్నా పెద్ద వార్త.

వచ్చే భాగంలో 1950. హిందీ సినిమాకి శ్రీశ్రీ తెలుగు మాటలు, పాటలు రాసిన ‘ఆహుతి’, అంటే డబ్బింగ్ ఎదురుదారిన మన ఇంటికి వచ్చిన కథ. దానితోపాటు ‘పల్లెటూరి పిల్ల’. ఈలోగా నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట, తిరువూరు వైపు పాఠకులకి ఒక విన్నపం. మీ ఇళ్లలో అటకల మీద, పాత ట్రంకుపెట్టెల్లో ‘కీలుగుఱ్ఱం’, ‘మన దేశం’ పాటల పుస్తకాలో, డేరా టాకీసు కరపత్రాలో ఉంటే చిత్తుకాగితాల వాడికి వేయకండి. తెలుగుదైనా తమిళానిదైనా సరే, వెనక ముద్రాపకుడి పేరు, ఊరు చూసి, ఫోటో తీసి పత్రికకి పంపండి.